కొత్త మేకప్, బ్రష్‌లు, స్నానపు సామాను: మన ఎండకు, మన నీళ్లకు పరీక్షించి వాడుకునే పద్ధతి

పెళ్లికి ముందురోజు సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న ఫౌండేషన్‌ను తెల్లారి ముహూర్తానికి నేరుగా ముఖానికి పూయకండి. కొత్త కాటుకైనా, కొత్త బాడీ వాష్ అయినా అంతే. వస్తువు మంచిదే కావచ్చు. కానీ అది మీ ఒంటికి పడుతుందో లేదో తేలడానికి వారం కావాలి. రంగు కలిసిందో లేదో తేలడానికి పగటి వెలుతురు కావాలి. విజయవాడ, గుంటూరు ఉక్కపోతకు నిలుస్తుందో లేదో తేలడానికి ఒక పూట చెమట పట్టాలి. ఇవేవీ దుకాణం కౌంటర్ దగ్గర తేలేవి కావు.

ఫంక్షన్ ఉంటే కనీసం మూడు వారాల ముందే కొనండి. మొదటి వారం చర్మ పరీక్షకు, రెండో వారం ముఖం మీద వాడి చూడటానికి. మూడో వారం చేతిలో ఉంటే, ఏదైనా పడకపోయినా చర్మం కుదుటపడటానికి, వేరేది తెచ్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఒకేసారి నాలుగు కొత్తవి మొదలుపెట్టొద్దు. దద్దుర్లు వస్తే ఏది కారణమో ఎవరూ చెప్పలేరు, చివరకు నాలుగూ పారేయాల్సి వస్తుంది. చర్మం మీద ఎక్కువసేపు ఉండేవాటితో మొదలుపెట్టండి: ముందు సన్‌స్క్రీన్, ప్రైమర్ (ఫౌండేషన్ కింద రాసే పొర), ఫౌండేషన్, ఆ తర్వాత కాజల్, లిప్‌స్టిక్. కడిగేసుకునే సబ్బు, స్క్రబ్ లాంటివి చివరన.

డబ్బు ఇచ్చే ముందు డబ్బా చదవండి

మన దేశంలో తయారైన సౌందర్య సాధనం మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు కూడా ఉండాలి. సౌందర్య సాధనాల నిబంధనలు, 2020 చెప్పేది ఇదే. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ వీధుల్లోనైనా, గుంటూరు అరండల్‌పేట షాపులోనైనా ఈ వివరాలు లేని డబ్బా ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ముఖ్యంగా వారంలో తెల్లబరుస్తామనే క్రీములు. అలాంటివాటిలో పాదరసమో, డాక్టర్ రాస్తేనే వాడాల్సిన స్టెరాయిడో కలుపుతుంటారు. మొదటి వారాల్లో ముఖం నిజంగానే మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎరుపెక్కి, మొటిమలు లేస్తాయి. పాదరసమైతే మూత్రపిండాల దాకా వెళ్తుంది.

మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అన్న గుర్తు కనిపిస్తే, తెరిచాక అన్ని నెలలే వాడాలని అర్థం. మస్కారాకు మూడు నెలలు చాలు, ద్రవ ఫౌండేషన్‌కు ఆరు నుంచి పన్నెండు నెలలు. పొడి కాంపాక్ట్ రెండేళ్ల దాకా నిలుస్తుంది. తెరిచిన రోజునే పర్మనెంట్ మార్కర్‌తో అడుగున తేదీ రాసేయండి, ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు.

మే నెలలో కొంటే ఇంకో జాగ్రత్త ఉంది. లిప్‌స్టిక్‌ను, క్రీమ్ బ్లష్‌ను బండి డిక్కీలో పెట్టి మిగతా షాపింగ్‌కు వెళ్లొద్దు. కరిగి మళ్లీ గట్టిపడ్డ లిప్‌స్టిక్‌లో నూనె, మైనం విడిపోయి పెదవి మీద గరుకుగా లాగుతుంది. పైన చిన్న నూనె చుక్కలు మాత్రమే తేలితే అది చెమర్చడం. టిష్యూతో అద్ది, చల్లని చోట నిలబెడితే సర్దుకుంటుంది.

రంగు చూసేది గుమ్మం బయట

షాపుల్లోని పసుపు, తెలుపు లైట్లు రెండూ అబద్ధం చెబుతాయి. సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య వెళ్లండి. మండే ఎండ తగ్గి ఉంటుంది, వెలుతురు మాత్రం ఇంకా ఉంటుంది. మెటికల మీదో, మణికట్టు మీదో రాసి చూడటం దండగ, ముఖం రంగు అక్కడ ఉండదు. ఫౌండేషన్‌ను మూడు షేడ్లలో, ఒక్కోటి అంగుళం పొడవు గీతగా దవడ ఎముక మీదుగా మెడ వైపు గీయండి. పది, పదిహేను నిమిషాలు ఆగి, షాపు గుమ్మం బయటకొచ్చి అద్దంలో చూసుకోండి. ఆగడం ఎందుకంటే చర్మపు నూనె, గాలి తగిలి చాలా ఫౌండేషన్లు అర షేడు ముదురుతాయి. ఏ గీత కనపడకుండా పోయిందో అదే మీ షేడు.

స్కూటీ మీద తిరిగేవాళ్లకు ముఖం మెడ కన్నా ముదురుగా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య షేడు తీసుకుని మెడ మీదకు కూడా పలచగా దించండి. కౌంటర్ దగ్గర తరచూ రెండు షేడ్లు తెల్లనిది అంటగట్టబోతారు, ఒప్పుకోకండి. చామనఛాయ మీద తెల్లని ఫౌండేషన్ తెలుపు ఇవ్వదు, బూడిద రంగు ఇస్తుంది. మన ఛాయను దాచకుండా దానిలో కలిసిపోయేదే మంచి ఫౌండేషన్.

టెస్టర్ల విషయంలో రాజీ వద్దు. పదిమంది పెదవులకు తగిలిన లిప్‌స్టిక్‌ను మీ పెదవులకు, కళ్లకు వాడిన కాజల్‌ను మీ కళ్లకు తగిలించొద్దు. పెదవుల మీద వచ్చే హెర్పిస్ పొక్కులు, కండ్లకలక ఇలాగే అంటుకుంటాయి. లిప్‌స్టిక్ కొన టిష్యూతో తుడిపించి, వేలి కొస మీద రాసి చూడండి. వేలి కొస రంగు పెదవి రంగుకు దగ్గరగా ఉంటుంది.

చర్మ పరీక్ష

ఒంటిమీదే ఉండిపోయేవాటికి (సన్‌స్క్రీన్, ఫౌండేషన్, క్రీము, సెంటు లోషన్) పద్ధతి ఇది. మోచేతి లోపలి మడతకు కాస్త కింద రూపాయి బిళ్లంత చోటు ఎంచుకోండి. స్నానం చేసి ఆరాక, రోజుకు రెండుసార్లు అదే చోట మామూలుగా పూసే మందాన రాయండి. కడగొద్దు, రుద్దొద్దు. ఇలా ఏడు రోజులు. ఒక్కసారి రాసి గంట చూసి వదిలేస్తే సగం పరీక్షే అయినట్టు. మంట, చురుకు లాంటివి నిమిషాల్లో, గంటల్లో బయటపడతాయి కానీ అసలు అలర్జీ ఒకటి నుంచి మూడు రోజులకు తేలుతుంది. ఒంటికి కొత్త పదార్థమైతే ఇంకా ఆలస్యం కావచ్చు.

కడిగేసుకునేవాటికి (సబ్బు, బాడీ వాష్, ఫేస్ వాష్, స్క్రబ్) అదే చోట రాసి ఐదు నిమిషాలు, లేదా డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి కడిగేయండి. బాడీ వాష్‌ను రాత్రంతా ఉంచితే ఎవరి చర్మమైనా ఎర్రబడుతుంది, దాన్ని అలర్జీ అనుకోవద్దు.

వారం దాటాక ముఖం కోసం ఇంకో అడుగు: చెవి వెనక లేదా దవడ కింద రెండు రోజులు. ముఖం చర్మం చేతి చర్మం కన్నా సున్నితం కాబట్టి ఇది అవసరం. కంటికి వాడేవాటిని ముందు చేతి మీదే పరీక్షించి, తర్వాత ఒక కంటి రెప్ప బయట వైపు మాత్రమే వాడి ఒక రోజు చూడండి. ఆవకాయ పెట్టే రోజుల్లో, గుంటూరు కారం పట్టిన చేతులతో కంటి మేకప్, లెన్స్‌లు ముట్టుకోకండి. సబ్బుతో ఒకసారి కడిగినా మిరప ఘాటు గోళ్ల సందుల్లో మిగులుతుంది, ముందు కాస్త నూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడగాలి. లెన్స్‌లు వాడేవాళ్లు ముందు లెన్స్ పెట్టుకుని తర్వాత మేకప్ వేసుకోవాలి, తీసేటప్పుడు ముందు లెన్స్ తీసి తర్వాత మేకప్ తుడవాలి.

మన ఇళ్లలో పరీక్ష అవసరమని ఎవరూ అనుకోనివి మూడున్నాయి. ఒకటి, స్టిక్కర్ బొట్టు. కొన్నిటి జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. రోజూ అదే చోట పెడితే ముందు దురద, తర్వాత ఆ మేర తెల్ల మచ్చ పడవచ్చు. దురద మొదలైన రోజునే ఆపేయండి, రాత్రి పడుకునేముందు బొట్టు తీసేయండి. రెండు, నల్ల గోరింటాకు కోన్. అసలు గోరింటాకు నారింజ నుంచి ఎర్ర గోధుమ రంగు వరకే పండుతుంది. అరగంటలో నల్లగా పండిందంటే జుట్టు రంగుల్లో వాడే పీపీడీ కలిపి ఉండే అవకాశం ఎక్కువ, అది చేతులు పొక్కిపోయేలా చేయగలదు. పెళ్లికూతురి చేతులకు అది అసలే వద్దు. మూడోది సున్నిపిండి, దాని సంగతి స్నానం దగ్గర చెబుతాం.

ముఖం మీద మొదటి రోజు

బయటకు వెళ్లే పని లేని రోజు ఎంచుకోండి. ముఖం కడిగి, మాయిశ్చరైజర్ బఠాణీ గింజంత రాసి ఐదు నిమిషాలు ఆగండి. సన్‌స్క్రీన్ చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత, ముఖానికీ మెడకూ కలిపి. అది కుదురుకోవడానికి పదిహేను నిమిషాలు. ఫౌండేషన్‌లోని ఎస్‌పీఎఫ్‌ను (ఎండ నుంచి కాపాడే గుణాన్ని) నమ్ముకుని సన్‌స్క్రీన్ మానొద్దు. ఆ రక్షణ రావాలంటే ఫౌండేషన్‌ను కూడా అంత మందంగా పూయాలి, ఎవరూ పూయరు.

ఫౌండేషన్ శనగగింజంత తీసుకుని ఒక చెంపకు మాత్రమే వేయండి. రెండో చెంప ఖాళీగా ఉంటేనే తేడా తెలుస్తుంది. తడి స్పాంజ్‌తోనో బ్రష్‌తోనో ముక్కు పక్క నుంచి బయటకు అద్దండి, రుద్దకండి. ఇక్కడ తరచూ వచ్చే తంటా ఒకటి: పూస్తుంటే చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది. దీనికి మూడు కారణాలు. కింది పొర ఆరకముందే పై పొర వేయడం, సన్‌స్క్రీన్ అతిగా రుద్దడం, ఒకటి సిలికాన్‌తో మరొకటి నీటితో చేసినవి కావడం. పదార్థాల జాబితాలో మొదటి ఐదింట్లో డైమెథికోన్ లాంటి ‘కోన్’తో ముగిసే పేర్లుంటే అది సిలికాన్ జాతి. ప్రైమర్, ఫౌండేషన్ రెండూ ఒకే జాతివి అయితే గొడవ చాలావరకు తగ్గుతుంది.

తర్వాత చెమట పరీక్ష. ఏసీ ఆపేసి, ఫ్యాన్ కింద గంట ఉండండి, వంటింట్లో ఇంకో అరగంట. నుదురు, ముక్కు పక్కలు, పై పెదవి మీద చూడండి. చెమట పూసలుగా లేచి ఫౌండేషన్‌ను చారలుగా చీల్చితే పొర మందం ఎక్కువైనట్టు. సగానికి తగ్గించి, ఆ చోట్ల మాత్రం పౌడర్‌ను పఫ్‌తో ఒత్తి వేయండి. చెమటను తుడవొద్దు, టిష్యూతో అద్దాలి. తడి మీద పౌడర్ చల్లితే అట్టలు కడుతుంది.

నాలుగు గంటల తర్వాత రెండు ఫొటోలు తీయండి: కిటికీ దగ్గర ఒకటి, చీకటి గదిలో ఫ్లాష్‌తో ఒకటి. ఫ్లాష్ ఫొటోలో ముఖం తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తే సిలికా ఎక్కువున్న పౌడరో, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీనో వెలుగును తిప్పికొడుతున్నట్టు. రోజువారీకి అవి మంచివే, రాత్రి రిసెప్షన్‌కు మాత్రం వేరే పౌడర్ ఎంచుకోండి.

బ్రష్‌లు

పన్నెండు, ఇరవై నాలుగు బ్రష్‌ల సెట్టు కొనడం డబ్బు పారేయడం. మొదలుపెట్టేవాళ్లకు నాలుగు చాలు: ఫౌండేషన్‌కు దట్టమైన గుండ్రటిది, పౌడర్‌కు పెద్ద వదులైనది, కనురెప్ప మీద రంగు కలపడానికి చిన్న మెత్తనిది, కనుబొమకు ఏటవాలుది. వీటితో పాటు ఒక స్పాంజ్.

ద్రవం, క్రీములకు సింథటిక్ కుచ్చే సరైనది, పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది. మేకవెంట్రుకల లాంటి సహజ కుచ్చు పొడికి బాగుంటుంది కానీ ఫౌండేషన్‌ను తాగేస్తుంది, ఆరడం ఆలస్యం. వానాకాలంలో మన తేమకు అది వాసన కూడా పడుతుంది. సందేహంగా ఉంటే అన్నీ సింథటిక్‌వే తీసుకోండి.

కొనేటప్పుడు కుచ్చును మెల్లగా రెండుసార్లు లాగండి. ఒకటి రెండు వెంట్రుకలు రావడం మామూలే, పదీ పరకా వస్తే వద్దు. పిడికీ కుచ్చుకీ మధ్య లోహపు పట్టీని పట్టుకుని తిప్పి చూడండి, కదిలితే జిగురు సరిగా అంటలేదన్నమాట. కుచ్చును చెంప మీద నిలువుగా ఒత్తండి. గుచ్చుకుంటే వెంట్రుకల కొసలు మొద్దుగా కత్తిరించినవి, చర్మాన్ని గీస్తాయి.

కొత్త బ్రష్‌ను కడగకుండా ముఖానికి పెట్టొద్దు. రంగు, దుమ్ము, తయారీలో వాడిన పూత ఏవో ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో కుచ్చును కిందికి వంచి తడపండి. అరచేతిలో బేబీ షాంపూ రెండు చుక్కలు వేసి, కుచ్చును చేతిలో గుండ్రంగా తిప్పండి. నురగ తెల్లబడేదాకా కడిగి, పిండి, వేళ్లతో ఆకారం సరిదిద్దండి. రంగు దిగుతూనే ఉంటే ఇంకో రెండుసార్లు కడగండి, అప్పటికీ ఆగకపోతే ముఖానికి వాడొద్దు. ఇంట్లో ఉప్పునీళ్లు వస్తుంటే చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేయండి, ఒక గ్లాసు చాలు. లేకపోతే ఆరాక కుచ్చు బిరుసెక్కి, తెల్లని పొర పడుతుంది.

బ్రష్‌లు పాడయ్యేది కడగడం వల్ల కాదు, తప్పుగా ఆరబెట్టడం వల్ల. తడి బ్రష్‌ను గ్లాసులో కుచ్చు పైకి నిలబెడితే నీరు పట్టీలోకి దిగి జిగురును కరిగిస్తుంది, చెక్క పిడి ఉబ్బి పగులుతుంది. బల్ల అంచున తువ్వాలు పరిచి, కుచ్చు అంచు బయట గాలికి ఉండేలా పడుకోబెట్టండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వేడి అసలే వద్దు. వేసవిలో రాత్రికి కడిగితే పొద్దున్నకు ఆరుతుంది. వానాకాలంలో దట్టమైన కుచ్చుకు పూర్తి రోజు పడుతుంది. తడి ఆరకుండా పెట్టెలో వేసి మూస్తే లోపల బూజు పడుతుంది.

ఫౌండేషన్ బ్రష్, స్పాంజ్ వారానికోసారైనా కడగాలి, పొడి బ్రష్‌లు రెండు వారాలకోసారి. స్పాంజ్‌ను వాడేముందు తడిపి గట్టిగా పిండాలి. పొడిగా వాడితే మీరు కొన్న ఫౌండేషన్‌లో చాలా భాగం దానిలోనే ఉంటుంది. మూడు నెలలకు, లేదా నల్ల చుక్కలు, చిరుగులు కనిపించగానే మార్చేయండి. నల్ల చుక్కలు మరకలు కావు, బూజు.

స్నానపు సామాను: ముందు మీ నీళ్లు తెలుసుకోండి

కొత్త సబ్బు నురగ రావడం లేదని సబ్బును తిట్టేముందు నీళ్లు చూడండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. బకెట్ అంచున, కుళాయి చుట్టూ తెల్లగా పేరుకునేది, స్నానం తర్వాత ఒంటి మీద జిడ్డుగా బిగుసుకునేది అదే. పరీక్ష తేలిక: పారదర్శకమైన సీసాలో మూడోవంతు మీ నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా ఊపండి. పక్కనే ఫిల్టర్ నీళ్లతో ఇంకో సీసా. మీ సీసాలో నురగ తక్కువై, నీరు పాలలా విరిగితే అవి కఠినమైన నీళ్లు. ఆ ఇంట్లో సబ్బు బిళ్ల కన్నా బాడీ వాష్, సిండెట్ బార్ (సబ్బుకు బదులు సింథటిక్ నురగ పదార్థాలతో చేసిన బిళ్ల) మెరుగు, వాటిలోని నురగ పదార్థాలు ఈ లవణాలతో తెట్టు కట్టవు.

సబ్బు కొంటే రేపర్ మీద టీఎఫ్‌ఎం చూడండి, అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె. టాయ్‌లెట్ సోప్‌లో మొదటి గ్రేడుకు కనీసం 76 శాతం, రెండో గ్రేడుకు 70, మూడో గ్రేడుకు 60 ఉండాలి. బాతింగ్ బార్ అని రాసి ఉంటే అది వేరే తరగతి, 40 శాతం ఉన్నా సరిపోతుంది. సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 9, 10 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. పొడి చర్మం వాళ్లకు కొత్త సబ్బుతో బిగుతుగా అనిపించడానికి ఇదొక కారణం.

బాడీ వాష్ ఒక టీస్పూను చాలు, పఫ్‌తో నురగ చేసుకుంటే ఒళ్లంతటికీ సరిపోతుంది. ప్లాస్టిక్ పఫ్‌ను రెండు నెలలకు, బీరపీచును నెలకు మార్చండి. బాత్రూమ్‌లో వేలాడదీయకుండా బాల్కనీలో ఆరేయండి.

బాత్ సాల్ట్, బాత్ బాంబ్ తొట్టి స్నానానికి చేసినవి, మనది బకెట్ స్నానం. డబ్బా మీది కొలత వేస్తే ఒళ్లు మండుతుంది. ఇరవై లీటర్ల బకెట్‌కు సాల్ట్ ఒక టేబుల్‌స్పూను, బాత్ బాంబ్ అయితే పావు ముక్క. చివరి రెండు మగ్గులు మామూలు నీళ్లు పోసుకోండి. అసలు సాల్ట్ సుఖం తెలిసేది కాళ్లకు: టబ్బులో ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లు, పావు కప్పు సాల్ట్, పదిహేను నిమిషాలు. షేవింగ్, వ్యాక్సింగ్ చేసిన రోజున సాల్టూ వద్దు, స్క్రబ్బూ వద్దు. స్క్రబ్ వారానికి ఒకటి రెండుసార్లు మించొద్దు. అక్రోటు పెంకుల పొడి ఉన్నది ముఖానికి తగిలించొద్దు, దాని అంచులు పదును. సుగంధ తైలాలను నేరుగా ఒంటికి రాయకండి, 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు ఆరు చుక్కలు చాలు. నూనె తగిలిన టైల్స్ మీద కాలు జారుతుంది, స్నానమయ్యాక నేల సబ్బునీళ్లతో కడిగేయండి.

సున్నిపిండి. పెసలు, శనగలు, పసుపు, కచ్చూరాలతో ఇంట్లో పట్టించిన పిండికి సాటి ఉన్న స్క్రబ్ అరుదు, నలుగుకు అదే సరైనది. కానీ కొత్త దుకాణం పిండి అయితే దానికీ చేతి మీద పరీక్ష చేయండి, మరీ బరకగా ఉంటే పలచని గుడ్డలో జల్లించండి. అందులో బావంచాలు ఉన్నాయేమో అడగండి. వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకు మరీ సున్నితం చేస్తుంది. ఒంటి మీద మిగిలి ఎండ తగిలితే కమిలి నల్లమచ్చలు పడతాయి. ప్యాక్‌లలో పిండే నిమ్మరసానిదీ ఇదే గుణం. ఇలాంటివి సాయంత్రం స్నానానికి ఉంచి, బాగా కడిగేయండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజరో కొబ్బరి నూనో రాసుకుంటే తేమ నిలుస్తుంది.

పడకపోతే

దురద, మంట, ఎరుపు, పొక్కులు కనపడగానే చల్లని మామూలు నీళ్లతో కడగండి. తడిపి పిండిన నూలు గుడ్డను పది నిమిషాలు వేయండి. నెయ్యి, టూత్‌పేస్ట్, నిమ్మకాయ, పసుపు ఏవీ పూయొద్దు. మందుల షాపులో అడిగి బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ ట్యూబు తెచ్చి ముఖానికి రాయడం మన దగ్గర మామూలైపోయింది. రెండు రోజులు తగ్గినట్టుంటుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది. అది డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులే వాడాలి.

కనురెప్పలు, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. రెండు మూడు రోజుల్లో తగ్గని దద్దుర్లకు చర్మ వైద్యుల్ని కలవండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు వస్తువును, దాని డబ్బాను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. పదార్థాల జాబితా చేతిలో ఉంటే దేనికి ప్యాచ్ పరీక్ష చేయాలో వారికి తెలుస్తుంది. చర్మం పూర్తిగా మామూలయ్యాక ఇంకో వారం ఆగి, మీరు ముందునుంచీ వాడుతున్నవే ఒక్కొక్కటిగా, మూడు రోజులకొకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టండి.